ఫిన్నిష్ పాఠం 9: చెట్టు కూసి, ఆరు కూసి

పోయినసారి ఫిన్నిష్‌లోకి మార్చమని ఇచ్చింది ఒక్క వాక్యమే: "పిట్ట స్ప్రూస్ చెట్టులో ఉంది." స్ప్రూస్‌ను (సూదుల్లాంటి ఆకులుండే చలిదేశాల చెట్టు) కూసి అంటారని చెప్పి వదిలేశాను. చాలామంది 'కూదెస్స' అని రాశారు. అంటే పిట్ట "ఆరులో" ఉంది! తప్పు నాదే. ఆరును కూడా కూసి అనే అంటారు. అంకెల పాఠంలో దాని రూపాలు మీచేత బట్టీ పట్టించింది నేనే.

మన 'పన్ను' సంగతి చూడండి. నోట్లోదైతే పంటికి, ప్రభుత్వానికి కట్టేదైతే పన్నుకి. కూసి కథా అంతే. చెట్టుకి కూసెన్ (చెట్టు యొక్క), కూసెస్స. ఆరుకి కూదెన్, కూదెస్స. చెట్టులోని 'స' మొదటినుంచీ ఉన్నది, అందుకే కదలదు. అంకెలో అసలున్నది 'త'. చివరి 'ఇ' ముందు అది 'స' అయింది, మిగతా చోట్ల 'ద'గానో 'త'గానో బయటపడుతుంది. వీసి (ఐదు) వీదెన్, ఊసి (కొత్త) ఊదెన్ కూడా ఇలాగే. అందుకే నేను ఏ మాటనైనా 'యొక్క' రూపంతో కలిపే రాసుకుంటాను. నిఘంటువు రూపాన్ని ఒంటరిగా నమ్మను.

ఇంగ్లీషులో ఈ గొడవ లేదు. సిక్స్ మన షట్‌కి చుట్టం, స్ప్రూస్ ప్రష్యా దేశం పేరునుంచి వచ్చింది. ఫిన్నిష్ ఆరుకి చుట్టం హంగేరియన్ 'హత్'.

ఇప్పుడు నాకు చిరాకు తెప్పించేది: కూస్త. అంకె తర్వాత నామం బహువచనం కాదు, ఏకవచనంలోనే ఇంకో రూపం తీసుకుంటుంది. ఆరు స్ప్రూస్‌లు: కూసి కూస్త. ఆరు ఆ రూపంలోకి వెళ్తే మాత్రం కూత్త. (పొద్దున ఆరుకి కోడి కూత. నేను అలాగే గుర్తుపెట్టుకున్నాను, నవ్వుకోండి.) సరే అనుకునేలోపు 'కూ' వస్తుంది. మన 'నెల' లాగే దానికి చంద్రుడూ, మాసమూ రెండర్థాలు. 'స్త' అంటే 'లోంచి' కదా, కాబట్టి కూస్త అంటే చంద్రుడిలోంచి కూడా! పక్కన అంకె ఉంటే ముందు చెట్టునే అనుకోండి. పైగా 'సి' అంటే 'నీ', కాబట్టి కూసి అంటే "నీ చంద్రుడు" కూడా అవుతుంది.

అభ్యాసం: "కూసి పలా." పలా అంటే కాలుతోంది, లేదా తిరిగొస్తోంది. పల (ముక్క) అనే మాట అంకె తర్వాత తీసుకునే రూపమూ అదే. అంకె కర్తగా ఉన్నా క్రియ ఏకవచనమే. ఎన్ని అర్థాలొస్తాయో రాయండి. నాకు ఏడు వచ్చాయి. ఐదుకి తక్కువైతే దిద్దను.