స్కోర్ తర్వాత సంగతి, ముందు పిల్లాడి మెడ చూడండి

మొన్న ఆదివారం మా ఎయిర్ రైఫిల్ షూటింగ్ రేంజ్‌లో ఇంటర్ కుర్రాడొకడు 40వ షాటో ఏదో కొట్టి రైఫిల్ స్టాండ్ మీద పెట్టాడు, అంతే, నడుం పట్టేసి అక్కడే కూలబడిపోయాడు. ఇద్దరం పట్టుకుని కారెక్కించాం. ఆరు వారాలు రైఫిల్ ముట్టుకోవద్దన్నాడట డాక్టరు, సెలక్షన్లు చూస్తే నెత్తిమీదున్నాయి. సెలవులకి గాజువాక, మధురవాడ నుంచి కొత్త పిల్లలు బోలెడుమంది చేరతారు కదా, అందుకే ఇది. మజిల్ (రైఫిల్ గొట్టం మూతి) మనుషుల వైపు తిప్పకూడదు లాంటివి మొదటి రోజే చెప్తారు, వదిలేస్తున్నా.

తప్పు వాడిది కాదు. ఉన్నది ఒక్క రైఫిల్, పొద్దున ఆరడుగుల వాడు కొడతాడు, అదే రైఫిల్ పదింటికి ఐదడుగులోడి చేతికొస్తది, సెట్టింగ్ మాత్రం ఎవడూ మార్చడు. బట్ (భుజానికి ఆనే వెనక భాగం) పొడుగు ఎక్కువైతే పిల్లాడు సైట్ (గురి చూసే రంధ్రం) కోసం మెడ ముందుకి సాచుతాడు, ఆ బరువు ఆపడానికి నడుం ఇంకా వెనక్కి విరుస్తాడు. 10 మీటర్ల మ్యాచంటే 60 షాట్లు, 75 నిమిషాలు, రైఫిల్ 5.5 కిలోల దాకా ఉండొచ్చు. ఇదంతా రోజూ వంకర నడుం మీద మోస్తే ఏటవుద్ది? మెడ రైఫిల్ దగ్గరికి పోకూడదు, రైఫిలే మొహం దగ్గరికి రావాలి. తల నిటారుగా ఉంటేనే చెవి లోపలి బ్యాలెన్స్ సరిగ్గా పనిచేస్తది, పైగా కొట్టాల్సిన పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే.

చూసుకోవడం తేలికే. రైఫిల్ ఎత్తి, చెంప ఆన్చి, కళ్లు మూసుకుని రెండు మూడు శ్వాసలు తీసి తెరవండి. కన్ను సైట్ మధ్యలో లేకపోతే చీక్ పీస్ (చెంప ఆనే ముక్క) మార్చాలి, మెడ కాదు. గురి పక్కకి పోతే పాదాలు జరపాలి. పైకో కిందకో పోతే బట్ ప్లేట్ (భుజానికి ఆనే ప్లేటు) ఎత్తు కోచ్‌తో సరిచేయించండి. చేత్తో లాక్కొచ్చి చుక్క మీద పెట్టేవాళ్లని చాలామందిని చూశాను, పది షాట్లు బాగానే పడతాయి, ముప్పయ్యో షాట్‌కి భుజం వణుకుతుంది, అప్పుడు ట్రిగ్గర్‌ని తిడతారు.

కుడిచేత్తో కొట్టేవాళ్లకి ఎడమ మోచేయి తుంటి ఎముక మీద ఆనాలి, కండ బలంతో మోయకూడదు. మోకాళ్లు బిగించొద్దు. సెట్టింగ్ నంబర్లు ఎవరివి వాళ్లు నోట్‌బుక్‌లో రాసుకోండి, రైఫిల్ చేతులు మారిన ప్రతిసారీ మార్చండి, "ఈ ఒక్కరోజుకి పర్లేదులే" అనకండి, మా కుర్రాడూ అదే అన్నాడు. షూటింగ్ జాకెట్ బిగుతుగా ఉంది కదా నడుం సేఫ్ అనుకోవద్దు. మన చెమటకి జాకెట్ రోజూ తడుస్తది, నీడలో ఆరబెట్టండి. సముద్రపు గాలికి ఇనుము ఇట్టే తుప్పు పడుతుంది, ఆయిల్ గుడ్డతో తుడవకుండా సంచిలో పెట్టొద్దు. నొప్పి మాత్ర వేసుకుని ప్రాక్టీస్ చెయ్యొద్దు. పక్కనుంచి వీడియో తీయండి, వారానికోసారి, చూడాల్సింది మెడ, మళ్లీ చెప్తున్నా, మెడ. రైఫిల్ గాలి సిలిండర్ మీద తేదీ చూడండి, గడువు (చాలా వాటికి 10 ఏళ్లు) దాటితే పక్కన పడేయండి. 200 బార్ (గాలి ఒత్తిడి కొలత) సిలిండర్‌లో 300 కొట్టించొద్దు. బీచ్ రోడ్డులో ఎండలో పార్క్ చేసిన కారులో దాన్ని వదిలేసి ఐస్‌క్రీమ్‌కి పోవద్దు.