గొంతు వినే బ్యాండులో మైకు నిజంగా ఆగిందా? తేల్చుకోవడం ఎలా?

విశాఖ జగదాంబ దగ్గర మొబైల్ సర్వీసు షాపులో కూర్చుంటే తరచూ వినపడే మాట ఒకటుంది. "మైకు ఆపేశానండీ, ఇంక టెన్షన్ లేదు." చూస్తే ఆపింది ఫోను మైకు. చేతికున్న బ్యాండులో ఇంకో మైకు ఉందని, దానికీ ఫోను సెట్టింగుకీ సంబంధం లేదని ఎవరూ చెప్పరు. యూట్యూబులో చెప్పేవాళ్లు అసలే చెప్పరు. అందుకే ఈ పద్ధతి రాస్తున్నాను. అరపూట పడుతుంది, మర్నాడు పొద్దున్న ఇంకోసారి చూసుకోవాలి. అరపూట లేనివాళ్లు బ్యాండు తీసి బీరువాలో పెట్టేయడం మంచిది.

ముందు ఇది ఎవరికో చూడండి. మన దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యే కాలింగ్ వాచీల్లో మైకు ఉన్నది ఫోను మాట్లాడటానికి. వాటిలో కనిపించే 'స్ట్రెస్' అంకె సాధారణంగా గుండె కొట్టుకునే తీరును బట్టి వేసేదే, గొంతును బట్టి కాదు. వాటి గురించి ఇంత కంగారు అక్కర్లేదు. గొంతు తీరును కొలిచే బ్యాండు అంటే 2020లో అమెజాన్ తెచ్చిన హేలో లాంటిది. అందులో రెండు మైకులు ఉండేవి. పెట్టుకున్నవాళ్ల గొంతులో హుషారు ఎంత, సానుకూలత ఎంత అని రోజంతా అప్పుడప్పుడూ విని లెక్క వేసేది. 2023 జూలై 31తో దాన్ని మూసేశారు. తర్వాత బీ బ్యాండు, లిమిట్‌లెస్, ఫ్రెండ్ లాకెట్లు అంటూ రోజంతా మాటలు వినే సరుకు వచ్చింది. అమెరికాలో ఉన్న కొడుకో కోడలో పంపారని వీటిని ఎంవీపీ కాలనీ నుంచీ, సీతమ్మధార నుంచీ తెచ్చి చూపిస్తుంటారు. కింద రాసిందంతా వీటి కోసమే.

కావలసినవి

బ్యాండు, దాని యాప్ ఉన్న ఫోను, ఛార్జరు, ఒక దినపత్రిక, కాగితం, పెన్ను. ఫోను నోట్సులో రాసుకోకండి. పరీక్ష చేస్తున్నదే ఫోను మీద, మళ్లీ అందులోనే రాస్తే ఎలా? కాగితమే వాడాలి.

ఒకటో మెట్టు: అప్‌డేట్లు, ఛార్జింగు

యాప్‌నీ, బ్యాండు సాఫ్ట్‌వేరునీ ముందే అప్‌డేట్ చేసేయండి. పరీక్ష మధ్యలో అప్‌డేట్ దిగితే డేటా లెక్క మొత్తం పాడవుతుంది. ఛార్జింగు నిండుగా ఉండాలి.

రెండో మెట్టు: ఫోను సంగతి

సెట్టింగుల్లో ఆ యాప్ పర్మిషన్లు తెరిచి మైకు, కాంటాక్టులు, లొకేషన్ తీసేయండి. బ్లూటూత్ వదిలేయండి, అది లేకపోతే బ్యాండు పని చేయదు. లొకేషన్ లేకపోతే పని చేయనని యాప్ మొండికేస్తే, వాడుతున్నప్పుడు మాత్రమే అన్న ఎంపిక పెట్టండి. అంతే, ఇది రెండు నిమిషాల పని.

మూడో మెట్టు: బ్యాండు మైకు

అందరూ బోల్తా పడేది ఇక్కడే, కాబట్టి నెమ్మదిగా చదవండి.

ఆండ్రాయిడ్ 12 నుంచి మైకు వాడుతుంటే ఫోను పైన ఆకుపచ్చ గుర్తు వస్తుంది. ఐఫోనులో ఐఓఎస్ 14 నుంచి నారింజ చుక్క వస్తుంది. ఆ చుక్క లేదు కాబట్టి ఎవరూ వినడం లేదని అనుకుంటారు. ఆ చుక్క ఫోను మైకుది. బ్యాండు తన మైకుతో విని, ఆ శబ్దాన్ని తన సొంత పద్ధతిలో బ్లూటూత్ మీద పంపితే, ఫోనుకి అది అడుగుల లెక్కలాగే ఏదో డేటా వస్తున్నట్టు కనిపిస్తుంది తప్ప మైకు అని తెలియదు. చుక్క వెలగదు, పర్మిషన్ కూడా అడగదు. మీరు రెండో మెట్టులో తీసేసిన మైకు పర్మిషన్ దీన్ని ఏమీ చేయలేదు.

'ఆఫ్' అన్న మాట కూడా ఒక్కటి కాదు. యాప్‌లో గొంతు విశ్లేషణ ఆపితే స్కోరు వేయడం ఆగుతుంది. మైకు మాత్రం కాల్స్ కోసమో, వాయిస్ అసిస్టెంటు కోసమో తెరిచే ఉండొచ్చు. బ్యాండు మీద బటన్ నొక్కి మైకునే మ్యూట్ చేయడం వేరు. బ్యాండును పూర్తిగా ఆపేయడం వేరు. మనకు కావలసింది మైకును మ్యూట్ చేయడం. మీ బ్యాండుకి మ్యూట్ బటనే లేకపోతే నా సలహా ఒక్కటే, అది కొనొద్దు. కొనేసి ఉంటే ఇంట్లో పెట్టుకోవద్దు.

ఇక పరీక్ష. ఫోనులో వైఫై ఆపి మొబైల్ డేటా మీద ఉండండి. ఒక్కో యాప్ ఎంత వాడిందో లెక్క చూడటం అలా సులువు. ఆ యాప్ ఇప్పటిదాకా వాడిన డేటా ఎంతో కాగితం మీద రాయండి. బ్యాండు మైకు ఆన్‌లో పెట్టి, గదిలో ఫ్యాను ఆపి, తలుపు వేసుకుని, గంటసేపు దినపత్రిక పైకి చదవండి. మధ్యలో ఆగి గొంతు తడుపుకోవచ్చు. చదివేది మీరే అయి ఉండాలి. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా టీవీ పెట్టి వదిలేస్తారు! ఇలాంటి బ్యాండుకి మొదట్లోనే మీ గొంతు నేర్పిస్తారు, దాన్నే వాయిస్ ప్రొఫైల్ అంటారు. టీవీ గొంతు మీది కాదు కాబట్టి బ్యాండు దాన్ని పక్కన పడేయొచ్చు. యాప్‌లో ఏమీ కనిపించదు. 'చూశారా, వినడం లేదు' అని సంబరపడతారు. వినే పడేసింది, మీకు తెలియలేదంతే.

బీచ్ రోడ్డులో నడుస్తూ పరీక్ష చేశానని ఒకాయన చెప్పారు. అలల హోరు, గాలి మైకులోకి కొడుతుంటే ఏ బ్యాండుకైనా గొంతు సరిగా దొరకదు. పరీక్ష ఇంట్లోనే చేయాలి.

గంట అయ్యాక యాప్ తెరిచి సింక్ చేయండి, అంటే బ్యాండులో ఉన్నదాన్ని ఫోనులోకి దించండి. యాప్‌లో గంటల వారీగా చూపించే టైమ్‌లైనులో ఆ గంటకి స్కోరో, మాటల సారాంశమో వచ్చిందా, డేటా ఎంత పెరిగింది, రెండూ రాసుకోండి. ఇప్పుడు బ్యాండు మైకును మ్యూట్ చేసి, అదే పత్రిక, అదే గదిలో, మళ్లీ గంట చదవండి. సింక్ చేసి రాసుకోండి. తర్వాత మైకు మళ్లీ ఆన్ చేసి, రాత్రి ఒకసారి, పొద్దున్న ఒకసారి సింక్ చేసి చూడండి. మ్యూట్ చేసినప్పుడు ఖాళీగా కనిపించిన గంట తెల్లారేసరికి నిండితే ఆ మ్యూట్ పేరుకే. బ్యాండులో కొంత మెమరీ ఉంటుంది, అప్పటికప్పుడు పంపకుండా దాచి తర్వాత పంపగలదు. ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెడితే చాలని చెప్పే చిట్కా ఈ కారణంతోనే పనికిరాదు. అది తెంపేది కనెక్షన్ని. మైకు వింటూనే ఉండి, కనెక్షన్ రాగానే మొత్తం అప్పజెబుతుంది.

డేటా లెక్క ఎలా చదవాలంటే, మనిషి మాటను బాగా కుదించి పంపినా సెకనుకి 16 కిలోబిట్లు అనుకోండి. గంటకి 7.2 ఎంబీ అవుతుంది. మైకు ఆన్ ఉన్న గంటలో ఆ చుట్టుపక్కల అంకె వచ్చి, మ్యూట్ గంటలో దాదాపు సున్నా వస్తే రెండు సంగతులు తేలాయి. మీ గొంతు కంపెనీ సర్వరుకి వెళ్తోంది, మ్యూట్ మాత్రం పని చేస్తోంది. రెండు గంటల్లోనూ కొద్ది కేబీలే వస్తే, లెక్కంతా ఫోనులోనే జరిగి స్కోరు మాత్రమే వెళ్తుండొచ్చు, లేదా మాటలు అక్షరాలుగా మారి వెళ్తుండొచ్చు. అక్షరాలకు పెద్దగా డేటా పట్టదు. అప్పుడు డేటా అంకె వదిలేసి టైమ్‌లైను ఖాళీనే నమ్మాలి. రెండింటిలోనూ ఎంబీలు వస్తే మ్యూట్ నమ్మొద్దు. సింక్ చేయకుండా లెక్క చూసేస్తే మాత్రం ఇవేవీ తేలవు.

పెద్ద అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ మ్యూట్ గంటను మళ్లీ చేయాలి. విసుగే, కానీ అప్‌డేట్ తర్వాత సెట్టింగులు మొదటికి రావడం నేను చూస్తూనే ఉన్నాను.

ఇంతా చేసి ఆ స్కోరు సరైనదైనా కాదు, నన్నడిగితే. యంత్రం కొలిచేది గొంతు శ్రుతి, బిగ్గరతనం, వేగం. ఉద్రేకంగా ఉన్నారని పట్టుకోవడం దానికి కొంత సులువు. ఆ ఉద్రేకం కోపమో సంతోషమో చెప్పడం చాలా కష్టం. పైగా ఇలాంటి యంత్రాలకు నేర్పించడానికి బయట దొరికే గొంతుల సేకరణల్లో నటులవి ఎక్కువ, ఇంగ్లీషువీ ఎక్కువ. తెలుగులో ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్లు 2009లో ఒక సేకరణ చేశారు. విజయవాడ ఆకాశవాణి కళాకారులు పదిమంది 15 వాక్యాలను ఎనిమిది రసాల్లో, పది విడతలుగా పలికారు, మొత్తం 12,000 పలుకులు. మంచి పనే. కానీ ఆకాశవాణి గొంతు వేరు, మన ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున చేపల వేలంపాట పాడే గొంతు వేరు. శ్రీకాకుళం నుంచి వచ్చిన మా పిన్ని "ఏటి, అన్నం తిన్నావా?" అని సాగదీసి అడిగితే అది ప్రేమ. బ్యాండు దాన్ని చిరాకు కింద రాసినా రాస్తుంది. తప్పు స్కోరైతే భయమెందుకు అంటారు కొందరు. తప్పుడు అంకె మీ పేరు మీద ఉండిపోయి రేపు ఉద్యోగం ఇచ్చేవాడికో ఇన్సూరెన్స్ వాడికో కనిపిస్తే, అది తప్పని మీరెలా నిరూపిస్తారు? ఆఫీసుల్లో, బడుల్లో మనుషుల భావోద్వేగాలను యంత్రాలతో అంచనా వేయడాన్ని ఐరోపా సమాఖ్య 2025 ఫిబ్రవరి 2 నుంచి నిషేధించింది, వైద్యం, భద్రత అవసరాలకు తప్ప. రుషికొండలోనో గాజువాకలోనో మీ ఆఫీసు అలాంటి బ్యాండు ఇస్తే, స్కోరు ఎవరు చూస్తారో, ఎన్నాళ్లు ఉంచుతారో కాగితం మీద రాసిమ్మనండి. నోటిమాట ఒప్పుకోవద్దు.

నాలుగో మెట్టు: పక్కవాళ్లు

మీరు ఇష్టపడి పెట్టుకున్నారు. మీ అత్తగారు, ఇంట్లో పని చేయడానికి వచ్చే ఆవిడ, ట్యూషన్‌కొచ్చే పిల్లలు ఒప్పుకోలేదు కదా. ఇంటికి ఎవరొచ్చినా ముందే చెప్పి మ్యూట్ చేయండి. చెప్పకుండా మ్యూట్ చేస్తే చాలదు, వాళ్లకు తెలియాలి. డాక్టరు దగ్గర, బ్యాంకులో, లాయరు దగ్గర చేతి నుంచి తీసి ఆఫ్ చేసి సంచిలో పెట్టుకోవాలి. నేవీ ఆవరణల్లో పని ఉన్నవాళ్లు ఇంట్లోనే వదిలి వెళ్లండి. విశాఖ గూఢచర్యం కేసులో నేవీ వాళ్లనే అరెస్టు చేశాక, 2019 డిసెంబరులో స్థావరాల్లోనూ డాక్‌యార్డుల్లోనూ స్మార్ట్‌ఫోన్లే వద్దన్నారు. గేటు దగ్గర 'ఇది ఫోను కాదు సార్' అని వాదించి లాభం లేదు.

భార్యాభర్తల మధ్య ఇంకా జాగ్రత్త కావాలి. భార్యకు తెలియకుండా రికార్డు చేసిన ఫోను సంభాషణలను విడాకుల కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2025 జూలైలో చెప్పింది. బ్యాండులో పడి ఉన్న మాట ఎక్కడికైనా నడిచి వెళ్లగలదు. 2023 నాటి డేటా రక్షణ చట్టం ఉందిగా అంటారా, సొంత, ఇంటి అవసరానికి వాడుకునే వ్యక్తికి అది వర్తించదు. మీ డేటా పెట్టుకున్న కంపెనీకి వర్తిస్తుంది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, కంపెనీల మీద ప్రధాన బాధ్యతలు పడేది ఆ తర్వాత 18 నెలలకి.

ఐదో మెట్టు: చెరపడం, అమ్మడం

ఇక్కడ వరస ముఖ్యం. ముందు యాప్‌లో వాయిస్ ప్రొఫైల్ తీసేయండి, తర్వాత పాత రికార్డింగులు, స్కోర్లు, ఆ తర్వాత ఖాతా నుంచి బ్యాండు, దాని తర్వాత బ్యాండు ఫ్యాక్టరీ రీసెట్, ఖాతా తొలగింపు, అన్నిటికన్నా చివర యాప్. జనం మొదట చేసేది యాప్ తీసేయడం! యాప్ పోతుంది, సర్వరులో ఉన్నది అక్కడే ఉంటుంది. ఖాతా తొలగించినట్టు మెయిల్ వచ్చేదాకా ఆగండి, వచ్చాక దాచుకోండి.

ఇది వాయిదా వేయకండి. ఈ కంపెనీలు చేతులు మారిపోతున్నాయి. బీని 2025లో అమెజాన్ కొంది, అదే ఏడాది డిసెంబరులో లిమిట్‌లెస్‌ని మెటా కొంది. మీరు ఒప్పుకున్న షరతులు ఒకరివి, డేటా ఇప్పుడు ఇంకొకరి దగ్గర ఉంది. గూగుల్ మన విశాఖలో పెద్ద డేటా సెంటరు ప్రకటించిన దగ్గర్నుంచీ 'ఇంకేం, డేటా మన ఊళ్లోనే ఉంటుంది' అని షాపులో ఒకటే కబుర్లు. ఏ ఊళ్లో ఉన్నా తాళం కంపెనీ దగ్గరే ఉంటుంది.

సెకండ్ హ్యాండ్‌లో ఇచ్చేముందు బ్యాండు ఆన్ చేసి చూడండి. కొత్తదానిలా పెయిర్ చేయమని అడగాలి. మీ పేరో, పాత స్కోరో కనిపిస్తే ఖాతా నుంచి సరిగా తీయలేదన్నమాట. ఖాతా ఇంకా ఉంటే మళ్లీ జోడించి వరస ప్రకారం చేసుకు రండి. ఖాతా పోయి ఉంటే ఆ బ్యాండు ఎవరికీ ఇవ్వకండి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకే ఇవ్వండి.