మడత కత్తి పాఠాలు – 4: లాక్‌బార్ మీద వేళ్లు

పోయిన పాఠంలో పివట్ స్క్రూ, అంటే బ్లేడు తిరిగే ఇరుసు స్క్రూ, గురించి చెప్పాను. ఆ తర్వాత చాలామంది కత్తులు వదులై ఊగుతున్నాయి. అందరిదీ దాదాపు ఒకటే మాట: "బ్లేడు తెరుచుకోవడం లేదని స్క్రూ వదులు చేశాను. ఇప్పుడు పక్కలకు కదులుతోంది, తెరుచుకోవడం మాత్రం అలాగే కష్టంగా ఉంది." తప్పు నాది. తెరిచిన బ్లేడును మూసుకోకుండా ఆపే లాక్‌బార్ గురించి ముందు చెప్పి, ఆ తర్వాత పివట్‌కి రావాల్సింది.

ముందు స్క్రూ మళ్లీ బిగించండి. బ్లేడు తెరిచి, లాక్ పడ్డాక పక్కలకు మెల్లగా కదిపి చూడండి. కదలిక పోయేదాకా కొద్దికొద్దిగా తిప్పండి, పోగానే ఆగండి.

మనం నేర్చుకునేది ఫ్రేమ్‌లాక్ కత్తి. ఇందులో లాక్ విడి భాగం కాదు. పిడికి ఒక పక్కనున్న టైటానియం పలకనే పొడవుగా చీల్చి నాలుకలా చేస్తారు. అదే లాక్‌బార్. దాని మొదట్లో పలకను పలచగా చెక్కుతారు, వంగేది అక్కడే. బ్లేడు పూర్తిగా తెరుచుకోగానే నాలుక లోపలికి వచ్చి బ్లేడు మడమకు, అంటే పిడిలో ఉండే దాని వెనక కొసకు, అడ్డంగా నిలబడుతుంది. కత్తులు చేసే క్రిస్ రీవ్ తన సెబెంజా కత్తితో ఈ పద్ధతికి పేరు తెచ్చాడు. సెబెంజా అంటే జులూ భాషలో పని. పని చేస్తూ పిడిని ఎంత గట్టిగా పట్టుకుంటే వేళ్లు లాక్‌ను అంత లోపలికి నొక్కుతాయి. నాకు ఈ డిజైన్‌లో అన్నిటికంటే నచ్చేది ఇదే.

టైటానియం ఎందుకంటే, బరువు తక్కువ అన్నది సగం జవాబే. మామూలుగా వాడే మిశ్రమంలో 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం ఉంటాయి. ఘన సెంటీమీటరుకు సుమారు 4.4 గ్రాములు, ఉక్కు 7.8. అసలు సంగతి, ఒకే మందం పలకలు తీసుకుని ఒకే బలంతో వంచితే ఇది ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వంగుతుంది, వదిలేస్తే వెనక్కి వస్తుంది. పిడే స్ప్రింగుగా పనిచేయాలంటే ఈ గుణం కావాలి.

ఇక మీ అందరినీ పడేసిన గొయ్యి. లాక్‌బార్ లోపలి వైపు ఒక చిన్న గట్టి బంతి ఉంటుంది, బ్లేడు పక్కన దానికి సరిపడా గుంట. మూసి ఉన్నప్పుడు బంతి గుంటలో కూర్చుంటుంది, అందుకే కత్తి జేబులో తనంతట తాను తెరుచుకోదు. తెరవాలంటే బంతి గుంట దాటాలి. అంటే లాక్‌బార్ వెంట్రుకవాసి బయటికి జరగాలి. మీరేమో అదే లాక్‌బార్‌ను నాలుగు వేళ్లతో లోపలికి నొక్కి పట్టి, బొటనవేలితో బ్లేడును తోస్తున్నారు. తలుపును ఒక చేత్తో నెడుతూ ఇంకో చేత్తో లాగినట్టే. బొటనవేలితో తెరిచేవాళ్లకు మధ్యవేలు నొక్కుతుంది. వెనక మీట నొక్కి తెరిచేవాళ్లకు ఉంగరపు వేలు. జేబు క్లిప్పు మీద వేళ్లు పెడితే ఇంకా మోసం: చాలా కత్తుల్లో క్లిప్పు కొస లాక్‌బార్ మీదే ఆనుతుంది, దాన్ని నొక్కితే లాక్‌బార్‌ను నొక్కినట్టే. బ్లేడు జారిపోతుందనే టెన్షన్‌లో పట్టు ఇంకా బిగిస్తారు, బంతి ఇంకా లోతుగా దిగుతుంది. పివట్ స్క్రూకి ఇందులో ఏ పాపమూ తెలియదు.

పిడిని అంచుల దగ్గర పట్టుకోండి. వేళ్ల కొసలు లాక్‌బార్ ఉన్న పక్కకు రాకూడదు. అంతే.

తెరిచాక లాక్ అంటుకుపోయి కదలకపోతే అది వేరే బాధ. టైటానియం ఉక్కుకు రాసుకుంటే పట్టుకుంటుంది. అందుకే మంచి కత్తుల్లో లాక్ ముఖాన్ని గట్టిపరుస్తారు, లేదా అక్కడ ఉక్కు ముక్క బిగిస్తారు. నేనైతే లాక్ ఆనే చోట మెత్తటి పెన్సిల్‌తో గీస్తాను, కొన్నాళ్లు ఆగుతుంది. లాక్‌బార్‌ను బయటికి లాగి వంచొద్దు.

సాధన: లాక్‌బార్ బయటి ముఖం మీద కాగితపు టేపు అంటించి, పెన్సిల్‌తో నల్లగా రుద్దండి. వరసగా 100 సార్లు తెరిచి మూయండి. మూసేటప్పుడు బొటనవేలు లాక్‌బార్ లోపలి అంచును మాత్రమే తాకాలి, లాక్ వదిలాక బ్లేడు దారిలోంచి వేలు తీసేయాలి. పదిసార్లకోసారి వేళ్లు చూసుకోండి. మసి అంటితే మళ్లీ ఒకటి నుంచి. మూడు రోజులు వరసగా వేళ్లు శుభ్రంగా ఉండేదాకా పివట్ స్క్రూ తిప్పే టార్క్స్ డ్రైవర్‌ను డ్రాయర్‌లోంచి తీయొద్దు.