స్కూల్ లైబ్రరీలో వెబ్ లింకులకు ట్యాగులు పెట్టడం ఎలా?

ట్యాగు అంటే దాచిన లింకుకు తగిలించే పేరు చీటీ. ఆ మాట నొక్కితే అది ఉన్న లింకులన్నీ ఒకచోట కనబడతాయి. దీనికి పెద్ద సరంజామా అక్కర్లేదు. నెట్ ఉన్న కంప్యూటరు, లైబ్రరీ పేరు మీద ఒక మెయిల్ ఐడీ, ఒక రూళ్ల నోటుబుక్కు చాలు. మీ సొంత ఐడీ మాత్రం వాడొద్దు. రేపు మీకు ట్రాన్స్‌ఫర్ అయితే లింకులన్నీ మీ వెంటే వెళ్లిపోతాయి.

లింకులు దాచుకునే సైట్లు ఉంటాయి. వాటిలో రెయిన్‌డ్రాప్‌లోనో డీగోలోనో ఖాతా తెరవండి. నేను వాడేది రెయిన్‌డ్రాప్, కాబట్టి దాని గురించే చెప్తాను. బ్రౌజర్‌లో దాని ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాం) వేసుకుంటే పేజీ తెరిచి ఒక నొక్కు నొక్కగానే లింకు చేరిపోతుంది. పది నిమిషాల పని.

పిల్లల చేత ఖాతాలు తెరిపించకండి. 18 ఏళ్లలోపు వాళ్ల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావాలని 2023 డేటా రక్షణ చట్టం చెబుతోంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, నలభై మంది పాస్‌వర్డులు మర్చిపోయి మీ టేబుల్ చుట్టూ మూగుతారు. ఏ పేజీ నచ్చిందో, దాన్ని ఏమని పిలుస్తారో వాళ్లు చీటీ మీద రాసిస్తే మీరు ఎక్కించండి.

'ట్యాగులెందుకండీ, ఫోల్డర్లు చేసుకుంటే పోలా' అని ప్రతి ట్రైనింగ్‌లోనూ ఎవరో ఒకరు అంటారు. సరే, సూర్యగ్రహణం వీడియోని సైన్సు ఫోల్డర్లో పెడతారా, సోషల్‌లో పెడతారా? పుస్తకమైతే ఒకే అరలో ఉండక తప్పదు. అయినా గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1933లోనే, పుస్తకాలను విషయాల వారీగా సర్దే తన కోలన్ వర్గీకరణలో, ఒక్కో పుస్తకం విషయాన్ని అంశాలుగా విడగొట్టి, గుర్తులతో కలిపి చూపించారు. లింకుకు అర బాధే లేదు. ఇంకా ఒక్క గూట్లోనే కుక్కుతామంటే ఎలా?

ఇప్పుడు అందరూ చెడగొట్టే చోటికి వద్దాం. ట్యాగు మాట ఎంచుకోవడం.

మొదటి ఏడాది నేనూ చెడగొట్టాను. ఎనిమిదో తరగతి అబ్బాయి 'విద్యుత్' అనే ట్యాగు నొక్కితే నాలుగే లింకులు వచ్చాయి. నేను దాచినవి పదిహేనుకు పైనే. వెతికితే మిగతావి 'విద్యుత్తు', 'కరెంట్', 'ఎలక్ట్రిసిటీ' కింద తేలాయి. అంతవరకు నా అజాగ్రత్తే అనుకోండి. కానీ జాబితాలో 'విద్యుత్' అనే ట్యాగు రెండుసార్లు కనబడింది. అక్షరం తేడా లేదు, అయినా రెండు వేర్వేరు ట్యాగులు!

దొంగ దొరకడానికి ఒక సాయంత్రం పట్టింది. వెబ్‌సైట్లలోని తెలుగులో పొల్లు తర్వాత కంటికి కనబడని గుర్తు ఒకటి ఉంటుంటుంది. దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. 'ఫేస్‌బుక్' లాంటి మాటల్లో స, బ కలిసిపోయి వత్తు పడకుండా ఆపేది అదే. మాట చివర దానికి పనేమీ లేదు, అయినా అక్కడే కూర్చుంటుంది. ఆ పేజీ నుంచి మాటను కాపీ చేసి ట్యాగులో పెడితే అదీ వెంట వస్తుంది. మనకు ఒకే మాట, కంప్యూటరుకు రెండు మాటలు.

అందుకని ట్యాగు మాట ఎప్పుడూ కాపీ చేయకండి, చేత్తో టైపు చేయండి. పొల్లుతో ముగిసే మాటను అసలు పెట్టకండి. విద్యుత్ కాదు, విద్యుత్తు. హైదరాబాద్ కాదు, హైదరాబాదు. క్విజ్ బదులు ప్రశ్నలు. పాతకాలం మాటల్లా ఉన్నాయని మా ఇంగ్లీషు టీచరు నవ్వుతారు, నవ్వనివ్వండి. అలాగే ఏకవచనమో బహువచనమో ఒకటే ఉండాలి. నా లైబ్రరీలో అన్నీ బహువచనమే: మొక్కలు, గ్రహణాలు, నదులు.

నోటుబుక్కు పని ఇక్కడే. ఎడమ పక్క పిల్లలు కౌంటర్ దగ్గర అడిగే మాట, కుడి పక్క మనం ఖాయం చేసిన ట్యాగు. 'ఫోటోసింథసిస్' ఎదురుగా 'కిరణజన్య సంయోగక్రియ', 'కరెంట్ పాఠం' ఎదురుగా 'విద్యుత్తు'. ఎడమ పక్క మాటల్ని పారేయకండి, లింకు కింద వివరణ పెట్టెలో టైపు చేయండి. పిల్లవాడు 'కరెంట్' అని వెతికినా లింకు దొరుకుతుంది, ట్యాగుల జాబితా మాత్రం శుభ్రంగా ఉంటుంది. నోటుబుక్కులో లేని మాట ట్యాగుగా పడకూడదు. కావాలంటే ముందు అందులో రాసి, తర్వాతే కంప్యూటర్లో.

లింకుకు నాలుగు ట్యాగులు, ఐదోది వద్దు: తరగతి, విషయం, పాఠం, రకం. కొలరాడో యూనివర్సిటీ వాళ్ల ఫెట్ సైట్లో బల్బు, బ్యాటరీ కలిపి చూసే సిమ్యులేషన్ ఉంది. దానికి '8వ తరగతి', 'సైన్సు', 'విద్యుత్తు', 'ప్రయోగాలు'. 'ముఖ్యమైనవి', 'మంచివి', 'ఇతరాలు' అనే ట్యాగులు కనబడితే అక్కడికక్కడే తీసేయండి. మంచిది కాకపోతే అసలెందుకు దాచినట్టు?

ఇప్పటికే చెడిపోయిన జాబితా ఉంటే కంగారు పడొద్దు. ఒక ట్యాగు పేరు మారిస్తే దాని కింద ఉన్న లింకులన్నింటికీ మారుతుంది. అక్షరక్రమంలో చూసుకుంటూ రోజుకు పది సరిచేయండి.

మిగిలినవి చిన్న పనులు. కలెక్షన్‌ను, అంటే రెయిన్‌డ్రాప్‌లో మీరు దాచిన లింకుల సంచిని, పబ్లిక్ చేసి, ఆ పేజీ క్యూఆర్ కోడ్‌ను ప్రింటు తీసి బీరువా తలుపు మీద అంటించండి. మూడు నెలలకోసారి లింకులు పనిచేస్తున్నాయో లేదో పిల్లల చేత నొక్కించి చూడండి, వాళ్లకదో సరదా.

కాపీ దింపుకోవడం మాత్రం మరవొద్దు. 2003లో ఈ ట్యాగుల పద్ధతిని జనానికి అలవాటు చేసిన డెలీషియస్ అనే సైటును 2005లో యాహూ కొన్నది, 2017కల్లా అందులో కొత్త లింకు దాచే వీలే పోయింది. లింకులు దాచుకునే మరో సేవ పాకెట్ 2025 జూలైలో మూతపడింది. రెయిన్‌డ్రాప్ లింకులన్నింటినీ ట్యాగులతో సహా ఒక ఫైలుగా ఇస్తుంది. నెలకోసారి దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. నా పెన్‌డ్రైవ్ ఆ నోటుబుక్కు అట్టకే దారంతో కట్టి ఉంటుంది.