చీట్ వాడకపోయినా యాంటీ చీట్ గెంటేస్తుంటే

యాంటీ చీట్ (గేమ్‌లో మోసం చేసే ప్రోగ్రామ్‌లను, అంటే చీట్లను పట్టుకునే సాఫ్ట్‌వేర్) చూపించే మెసేజ్‌లో అసలు కారణం ఉండటం అరుదు. వివరంగా చెబితే చీట్లు రాసేవాళ్లకు దారి చూపినట్టవుతుందని కావాలనే పొడిపొడిగా రాస్తారు. ఇబ్బంది పడేది మాత్రం ఏ పాపం ఎరగని ఆటగాళ్లు. కాబట్టి మెసేజ్ కన్నా అది ఎప్పుడు వచ్చిందో చూడండి: గేమ్ తెరవకముందా, తెరుచుకునేటప్పుడా, ఆట మధ్యలోనా? గేమ్‌ను తీసేసి మళ్లీ వేయడం చివరి పని. లోపం చాలాసార్లు గేమ్ ఫోల్డర్‌లో కాదు, విండోస్‌లోనో బయోస్‌లోనో (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే మదర్‌బోర్డ్ సాఫ్ట్‌వేర్) ఉంటుంది.

(కమాండ్లు, ఫైల్ పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నాయి. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషులోనే కొట్టాలి.)

లక్షణం: గేమ్ తెరవకముందే సెక్యూర్ బూట్ లేదా టీపీఎం ఎర్రర్

సెక్యూర్ బూట్ అంటే నమ్మదగని సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్ లేచేటప్పుడే అడ్డుకునే ఏర్పాటు, టీపీఎం అంటే రహస్య కీలను దాచే సెక్యూరిటీ చిప్. విండోస్ 11లో వాలరంట్ ఆడేవాళ్లకు వ్యాన్ 9001, వ్యాన్ 9003 అని కనిపించేది ఇదే. రన్‌లో ఎంఎస్ఇన్ఫో32 కొట్టి రెండు వరుసలు చూడండి: బయోస్ మోడ్ దగ్గర యూఈఎఫ్ఐ (పాత బయోస్ స్థానంలో వచ్చిన కొత్త పద్ధతి), సెక్యూర్ బూట్ స్టేట్ దగ్గర ఆన్ ఉండాలి. తర్వాత టీపీఎం డాట్ ఎంఎస్‌సీ తెరిస్తే వెర్షన్ 2.0 కనిపించాలి. అసలు టీపీఎం లేదంటే బయోస్‌లో ఇంటెల్ బోర్డుకు పీటీటీ, ఏఎండీ బోర్డుకు ఎఫ్‌టీపీఎం ఆన్ చేయాలి.

బయోస్ మోడ్ లెగసీ అని ఉంటే తొందరపడకండి. డిస్క్ ఎంబీఆర్ అనే పాత విభజన పద్ధతిలో ఉండగా సీఎస్ఎం (పాత పద్ధతిలో బూట్ కావడానికి బయోస్‌లో ఉండే ఏర్పాటు) ఆపేస్తే విండోస్ ఇక లేవదు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ముందు బ్యాకప్ తీసి, బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ ఎన్‌క్రిప్షన్) ఉంటే రికవరీ కీ రాసిపెట్టుకుని దాన్ని సస్పెండ్ చేయండి. అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో డిస్క్‌ను కొత్త జీపీటీ పద్ధతికి మార్చే ఎంబీఆర్2జీపీటీని మొదట వ్యాలిడేట్‌తో, అది పాసయ్యాకే కన్వర్ట్‌తో నడపండి. రెండిటికీ చివర అలౌఫుల్‌ఓఎస్ తగిలించాలి. తర్వాతే బయోస్‌లో సీఎస్ఎం ఆఫ్, సెక్యూర్ బూట్ ఆన్.

బయోస్‌లో సెక్యూర్ బూట్ ఎనేబుల్డ్ అని ఉన్నా విండోస్‌లో ఆఫ్ అనే చూపిస్తోందా? కీలు లోడ్ కాలేదన్నమాట. సెక్యూర్ బూట్ మెనూలోనే ఫ్యాక్టరీ కీలను మళ్లీ నింపే ఆప్షన్ ఉంటుంది. అది నొక్కి, సేవ్ చేసి రీస్టార్ట్ చేయండి. క్లియర్ టీపీఎం జోలికి మాత్రం వెళ్లొద్దు. దానికీ దీనికీ సంబంధం లేదు.

లక్షణం: ఏదో డ్రైవర్‌ను అడ్డుకున్నామని మెసేజ్, లేదా ఆర్జీబీ, ఫ్యాన్ సాఫ్ట్‌వేర్ పనిచేయదు

ఫ్యాన్ వేగం, ఉష్ణోగ్రత, లైట్లు చూసుకునే చాలా టూల్స్ విన్‌రింగ్0 లాంటి పాత డ్రైవర్ మీద ఆధారపడ్డాయి. అది హార్డ్‌వేర్ తలుపులను ఏ ప్రోగ్రామ్‌కైనా తెరిచిపెడుతుంది. చీట్లు ఆ తలుపులోంచే కెర్నెల్‌లోకి (విండోస్ అట్టడుగు భాగంలోకి) దూరతాయి కాబట్టి యాంటీ చీట్‌కు దాని మీద అనుమానం. అనుమానంలో న్యాయముంది, ఏ టూల్ వల్లో చెప్పకపోవడమే చిరాకు.

ట్రేలో ఐకాన్ మూసేసినంత మాత్రాన డ్రైవర్ దిగిపోదు. ఎంఎస్ఇన్ఫో32లోనే సాఫ్ట్‌వేర్ ఎన్విరాన్‌మెంట్ కింద సిస్టమ్ డ్రైవర్స్ తెరిచి, రన్నింగ్‌లో ఉన్నవాటి ఫైల్ దారులు చూడండి. సిస్టమ్32 డ్రైవర్స్ ఫోల్డర్‌కు బయట, ఏదో ప్రోగ్రామ్ ఫోల్డర్‌లోనో టెంప్‌లోనో ఉన్నదాన్ని మొదట పట్టుకోండి. ఆ టూల్‌కు కొత్త వెర్షన్ ఉంటే వేయండి, లేకపోతే అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయండి. ఒక్కోటి తీసి పరీక్షించాలి. అన్నీ ఒకేసారి తీసేస్తే దొంగ ఎవరో తెలీదు.

స్క్రీన్ కుడివైపు కింద టెస్ట్ మోడ్ అని రాసుందా? బీసీడీఎడిట్‌తో టెస్ట్‌సైనింగ్ ఆఫ్ చేసి రీస్టార్ట్ చేస్తే చాలు.

లక్షణం: ఆట మధ్యలో ఫైల్ లేదా మెమరీ పాడైందని గెంటేయడం

ప్రతిసారీ ఏ ఫైల్ పేరు వస్తోందో రాసిపెట్టుకోండి.

ఎప్పుడూ అదే ఫైల్ అయితే అది నిజంగానే పాడైంది. గేమ్ ఫైల్ అయితే లాంచర్‌లో వెరిఫై, విండోస్ ఫైల్ అయితే అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో డిస్మ్ రిస్టోర్‌హెల్త్, ఆ తర్వాత ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ.

రోజుకో పేరు వస్తోందంటే ర్యామ్ మీద అనుమానపడాలి. మెమరీలో ఒక్క బిట్ తారుమారైతే మామూలు గేమ్‌లో ఒక టెక్స్చర్ రంగు మారుతుందేమో, మనకు కనిపించను కూడా కనిపించదు. కోడ్‌ను హ్యాష్‌తో (కోడ్ నుంచి లెక్కించిన గుర్తు సంఖ్యతో) సరిచూసే యాంటీ చీట్‌కు మాత్రం అదే బిట్ ఎవరో కోడ్ మార్చినట్టు తోస్తుంది. బయోస్‌లో ఎక్స్ఎంపీ లేదా ఎక్స్‌పో (ర్యామ్ వేగం పెంచే సెట్టింగులు) ఆపండి, ఓవర్‌క్లాక్, అండర్‌వోల్ట్ రెండూ తీసేయండి, మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్షను 4 పాస్‌లు నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా స్టిక్కులను విడివిడిగా పరీక్షించాలి. "వేరే గేమ్‌లు బాగానే నడుస్తున్నాయి కదా" అనేది ఇక్కడ సాక్ష్యం కాదు.

లక్షణం: వ్యాక్ సెషన్‌ను వెరిఫై చేయలేకపోయింది

వ్యాక్ అంటే స్టీమ్ గేమ్‌ల యాంటీ చీట్. ఈ మెసేజ్ బ్యాన్ కాదు. స్టీమ్ మూసి, బిన్ ఫోల్డర్‌లోని స్టీమ్‌సర్వీస్‌ను అడ్మిన్‌గా రిపేర్ స్విచ్‌తో నడిపి, మళ్లీ తెరవండి.

లక్షణం: బ్యాన్ పడింది

పొరపాటు బ్యాన్లు కట్టుకథ కాదు. 2010 జూలైలో మోడర్న్ వార్‌ఫేర్ 2లో సుమారు 12,000 మందిని వ్యాక్ తప్పుగా బ్యాన్ చేసి, తర్వాత స్టీమ్ యజమాని వాల్వే ఎత్తేసింది. 2023 అక్టోబర్‌లో ఏఎండీ గ్రాఫిక్స్ డ్రైవర్‌లోని యాంటీ ల్యాగ్ ప్లస్ ఆప్షన్ గేమ్ ఇంజిన్ ఫంక్షన్లలో చేయి పెట్టడంతో కౌంటర్ స్ట్రైక్ 2లో బ్యాన్లు పడ్డాయి; ఏఎండీ ఆ డ్రైవర్‌ను వెనక్కి తీసుకుంది. డ్రైవర్‌లో ఒక టిక్ పెట్టడమే ఆటగాళ్లు చేసిన నేరం.

అప్పీల్‌లో "నేను నిర్దోషిని" అన్న వాక్యానికి బరువుండదు. బ్యాన్ పడిన తేదీ, టైమ్ జోన్‌తో సహా సమయం, మ్యాచ్ ఐడీ, గ్రాఫిక్స్ డ్రైవర్ వెర్షన్, ఆ వారంలో కొత్తగా వేసిన ప్రోగ్రామ్‌లు, ఓవర్‌లేలు, మాక్రో సాఫ్ట్‌వేర్ రాయండి. ఎంఎస్ఇన్ఫో32 రిపోర్ట్ సేవ్ చేసి జోడించండి. మదర్‌బోర్డ్ సెకండ్ హ్యాండ్‌ది అయితే అదీ చెప్పండి. పాత యజమాని మీద పడ్డ హార్డ్‌వేర్ బ్యాన్ బోర్డుతోపాటు వచ్చి ఉండొచ్చు. ఏదీ అన్‌ఇన్‌స్టాల్ చేయకముందే ఈ రిపోర్ట్ తీసుకోవాలి.

హార్డ్‌వేర్ ఐడీ మార్చే స్పూఫర్ జోలికి పోవద్దు. అది కూడా కెర్నెల్ డ్రైవర్‌నే లోడ్ చేస్తుంది, అప్పటిదాకా లేని నేరం అప్పుడు నిజమవుతుంది.

లక్షణం: లినక్స్‌లో అసలు తెరుచుకోదు

ఈజీ యాంటీ చీట్, బ్యాటిల్‌ఐ అనే యాంటీ చీట్లు రెండూ 2021 నుంచి ప్రోటాన్‌తో (విండోస్ గేమ్‌లను లినక్స్‌లో నడిపే స్టీమ్ టూల్) పనిచేయగలవు, కానీ ఒక్కో గేమ్‌కు దాన్ని ఆన్ చేయాల్సింది ఆ గేమ్ తయారీదారే. వాళ్లు చేయకపోతే ప్రోటాన్ వెర్షన్లు ఎన్ని మార్చినా తేడా రాదు.