చలి ముదిరే ముందు: హైబ్రిడ్ సిట్రస్ చెట్టుకీ, మన నాలుకకీ కొన్ని జాగ్రత్తలు

సిట్రేంజ్, సిట్రమెలో లాంటి సంకర నిమ్మజాతి (సిట్రస్) మొక్కలు కొనేటప్పుడు "గడ్డకట్టే చలినైనా తట్టుకుంటుంది" అని చెబుతారు. అబద్ధమేమీ కాదు. కాకపోతే ఆ మాట నేలలో వేళ్లు బాగా పట్టి, మెల్లమెల్లగా చలికి అలవాటుపడ్డ ముదురు చెట్టుకే చెల్లుతుంది. కొత్తగా నాటిన మొక్కకీ, కుండీలో ఉన్నదానికీ, కొమ్మ మీదున్న కాయకీ వర్తించదు.

ఈ ఓర్పంతా ఈ సంకరాల పుట్టుకలో ఉన్న మూడాకుల నారింజది. చలికాలంలో ఆకులు రాల్చేసి, సున్నాకు దిగువన 20 డిగ్రీల చలిలో కూడా బతికే ముళ్ల చెట్టు అది. 1894-95 చలికి ఫ్లోరిడా తోటలు నాశనమయ్యాక అమెరికా వ్యవసాయ శాఖలో వాల్టర్ స్వింగిల్ దీన్ని తీపి నారింజతో కలిపి సిట్రేంజ్‌లు తయారుచేయించాడు. పంపర పనస లాంటి గ్రేప్‌ఫ్రూట్‌తో కలిపినవి సిట్రమెలోలు, సిట్రేంజ్‌ని మళ్లీ చిట్టి నారింజలాంటి కుమ్‌క్వాట్‌తో కలిపినవి సిట్రేంజ్‌క్వాట్‌లు. చలిని ఓర్చే గుణంతోపాటు చేదూ, బంకా కూడా ఆ ముళ్ల చెట్టు నుంచే వచ్చాయి. కాబట్టి చెట్టు దగ్గర ఎంత జాగ్రత్త కావాలో, పండు నోట్లో పెట్టుకునేటప్పుడూ అంతే కావాలి.

ముందు చెట్టు సంగతి. ఎండాకాలం చివరి నుంచే నత్రజని ఎరువు ఆపేయండి. ఆలస్యంగా వచ్చిన లేత చిగుళ్లు మొదటి మంచుకే మాడిపోతాయి. కుండీలో వేళ్ల చుట్టూ నేల వెచ్చదనం ఉండదు. అందుకే గడ్డకట్టే రాత్రుల్లో కుండీని లోపలికో, గోడ వారకో జరపాలి. నేల పొడిగా ఉంటే చలి రాకముందే నీళ్లు పెట్టండి, తడి నేల వేడిని ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది. గుడ్డ కప్పితే నేల దాకా దించండి. ప్లాస్టిక్ అయితే ఆకులకు తగలనివ్వకండి, పొద్దున్నే తీసేయండి. లోపల వేడి కోసం ఎల్ఈడీ బల్బు వేలాడదీస్తే వెలుగు తప్ప చెప్పుకోదగ్గ వేడి రాదు.

అంటు మొక్కైతే అన్నిటికన్నా ముందు కాపాడాల్సింది అంటు కట్టిన చోటు. పైభాగం చలికి చచ్చిపోయి, వేళ్ల కోసం అడుగున వాడిన మూడాకుల నారింజ మొక్క నుంచి పిలకలు లేస్తే, రెండు మూడేళ్ల తర్వాత "మా చెట్టు మారిపోయిందేంటి" అని తల పట్టుకోవాలి. చలి తగ్గగానే ఎండిన కొమ్మలన్నీ కోసేయాలని చెయ్యి దురద పెడుతుంది. ఆగండి, వసంతంలో చిగుళ్లు వచ్చాకే ఏది చచ్చిందో తెలుస్తుంది.

కాయ చెట్టు కన్నా ముందే ఓడిపోతుంది. సున్నాకు దిగువన రెండు మూడు డిగ్రీల్లో కొన్ని గంటలు ఉంటే చాలు, లోపల రసం గడ్డకడుతుంది. తర్వాత తొనలు పిప్పిగా ఎండిపోతాయి. అలాంటి రాత్రి వస్తోందంటే రంగు తిరిగిన కాయల్ని ముందే కోసేయండి. పచ్చికాయతో రుచి చూసి ఆ రకాన్నే తిట్టుకోవడం అన్యాయం.

ఇక రుచి చూడటం. మూడాకుల నారింజ, దాని దగ్గరి సంకరాల తొక్కలో ఘాటైన నూనె, జిగట బంక ఉంటాయి. పండును తొక్కతో పిండకండి, కొరకనూ కొరకకండి. తొక్కా, తెల్లపొరా తీసేసి, ఒక్క తొనలో చిన్న ముక్క నాలుక మీద పెట్టి కాసేపు ఆగండి. ఈ చేదు వెంటనే తెలియదు, మింగాక గొంతులో పట్టుకుంటుంది. ఖాళీ కడుపుతో వద్దు. కత్తికీ చేతులకీ అంటిన బంక సబ్బుతో త్వరగా పోదు, ముందు వంటనూనె రుద్దండి. తొక్క నూనె చేతికి అంటి ఎండలోకి వెళితే కొందరికి చర్మం కమిలి మచ్చలు పడతాయి, కడుక్కున్నాకే బయటికి వెళ్లండి.

మందులు వాడేవాళ్లు సిట్రమెలో విషయంలో ఆగాలి. కొలెస్ట్రాల్, బీపీ మందుల్లో కొన్ని గ్రేప్‌ఫ్రూట్‌తో కలిస్తే రక్తంలో మోతాదు ప్రమాదకరంగా పెరుగుతుంది. గ్రేప్‌ఫ్రూట్ రక్తం ఉన్న పండును కూడా డాక్టర్‌ని అడగకుండా తినకపోవడమే మేలు.

నా మటుకు, తినడానికే పెంచుతుంటే యుజు అనే జపాన్ పుల్ల నారింజ గానీ, బాగా పండిన థామస్‌విల్ రకం సిట్రేంజ్‌క్వాట్ గానీ పెట్టుకోమంటాను. యుజులో మూడాకుల నారింజ అంశ లేదు, ఆ బంక చేదూ ఉండదు. పులుపు మాత్రం గట్టిదే, వాసన కోసం తొక్క తురుము వాడుకోవచ్చు. సిట్రేంజ్‌లైతే తొక్క తీసేసి, రసం తీసి చక్కెర, నీళ్లు కలుపుకుని తాగడమే నయం.