టెన్త్‌లో మంచి మార్కులు, పాలిసెట్‌లో వెనక ర్యాంకు: తేడా ఎక్కడ వస్తుంది, ఏం చేయాలి

టెన్త్ ఫలితాలు వచ్చిన కొద్ది వారాలకే పాలిసెట్ (పాలిటెక్నిక్ డిప్లొమాల ప్రవేశ పరీక్ష) ర్యాంకులు వస్తాయి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూసేసరికి చాలా ఇళ్లలో గందరగోళం మొదలవుతుంది. మార్కులేమో బాగున్నాయి, ర్యాంకు మాత్రం ఎక్కడో ఉంది. లేదంటే టెన్త్‌లో అంతంతమాత్రంగా వచ్చిన పక్కింటి అబ్బాయికి మంచి కాలేజీలో సీటొచ్చింది. ఇక ఇంట్లో పిల్లల మీద కోపాలు, రీకౌంటింగ్‌కి పరుగులు. ఈ టెన్షన్‌లో చాలావరకు అనవసరమైనదే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో టెన్త్ మార్కులు ఎక్కడ లెక్కకొస్తాయో, ఎక్కడ రావో తెలిస్తే ఏ పని ముందు చేయాలో తేలిపోతుంది. ఏటా నాకు ఎక్కువగా ఎదురయ్యే సమస్యలనే ఇక్కడ తీసుకున్నాను.

సమస్య: టెన్త్‌లో 560 వచ్చాయి, పాలిసెట్ ర్యాంకు మాత్రం ఇరవై వేలు దాటింది

కారణం: పాలిసెట్ ర్యాంకులో టెన్త్ మార్కులకు వెయిటేజీ లేదు. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఎంసెట్‌లో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఇవ్వడం చూశాం. అది గుర్తున్న పెద్దవాళ్లు పాలిటెక్నిక్‌కీ అలాగే ఉంటుందనుకుంటారు. లేదు. టెన్త్ పాసవాలి, మ్యాథ్స్ ఒక సబ్జెక్టుగా ఉండాలి, కనీసం 35 శాతం ఉండాలి. అంతవరకే టెన్త్ పని. అక్కడినుంచి 360 వచ్చినవాడూ 590 వచ్చినవాడూ ఒకే గీత మీద నిలబడతారు. ర్యాంకు తేల్చేది పాలిసెట్‌లో వచ్చిన మార్కులే.

ఆంధ్రప్రదేశ్‌లో ఆ పరీక్ష 120 మార్కులది, టైం రెండు గంటలు. మ్యాథ్స్ 50, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 30. అంటే ప్రశ్నకు ఒక్క నిమిషం. టెన్త్‌లో తెలుగు, హిందీ, ఇంగ్లిష్, సోషల్ కలిపి 400 మార్కులు. పాలిసెట్‌లో ఆ నాలుగింటికీ చోటే లేదు. 560లో ఈ నాలుగు సబ్జెక్టుల బలం ఎంతో విడదీసి చూడండి. భాషల్లో, సోషల్‌లో 95 దాటి, మ్యాథ్స్‌లో 80 దగ్గర ఆగిన పిల్లలకు ఈ తేడా ఎక్కువగా కనిపిస్తుంది. అదేమీ చదవకపోవడం కాదు. ఆ బలాన్ని కొలిచే పరీక్ష ఇది కాదు, అంతే.

ఇంకో లెక్క కూడా చూడాలి. ఏటా లక్ష అటూ ఇటూగా పిల్లలు రాస్తారు. తెలంగాణలో ఓసీ, బీసీలకు క్వాలిఫై అయ్యే మార్కు 36. 36 నుంచి 120 వరకు లెక్కపెడితే ఉన్నవి 85 అంకెలే. లక్షమంది ఆ 85 అంకెల్లోనే సర్దుకోవాలంటే సగటున ఒక్కో మార్కు దగ్గర వెయ్యిమందికి పైగా ఉంటారు. పైన 110 దగ్గర పలచగా, మధ్యలో కిక్కిరిసి ఉంటారు కాబట్టి, మధ్యలో ఒక్క మార్కు తగ్గితే ర్యాంకు వేలల్లో జారిపోతుంది. పిల్లవాడు చేసింది చిన్న పొరపాటే అయినా ర్యాంకు కార్డు మీద అది పెద్ద తప్పులా కనిపిస్తుంది. దయచేసి ఆ అంకె చూసి పిల్లల్ని తిట్టకండి.

ఏం చేయాలి: ర్యాంకు వచ్చేశాక టెన్త్ మార్కుల వెంటపడి లాభం లేదు. గత ఏడాది ఏ కాలేజీలో, ఏ బ్రాంచిలో, ఏ కేటగిరీకి చివరి సీటు ఏ ర్యాంకు దగ్గర ఆగిందో చూడండి. ఇరవై వేలంటే ఓ కాలేజీలో కంప్యూటర్ బ్రాంచికి దూరం కావచ్చు, అదే కాలేజీలో సివిల్‌కో మెకానికల్‌కో హాయిగా సరిపోవచ్చు.

ఇంకా పరీక్ష రాయనివాళ్లకు ఒక మాట. నెగెటివ్ మార్కులు లేవు. ఒక్క బబుల్ కూడా ఖాళీగా వదలొద్దు. టెన్త్‌లో తెలియని ప్రశ్న వదిలేసే అలవాటున్న పిల్లలు ఇక్కడా అదే చేసి రాగలిగిన మార్కుల్ని పోగొట్టుకుంటారు. చివరి ఐదు నిమిషాలు దీనికోసమే ఉంచుకోవాలి.

సమస్య: ఇద్దరికీ అవే మార్కులు, ర్యాంకులు మాత్రం వేరు

కారణం: టై. ఇద్దరికీ 74 వచ్చాయనుకుందాం. మొదటి అమ్మాయికి మ్యాథ్స్ 34, ఫిజిక్స్ 22, కెమిస్ట్రీ 18. రెండో అమ్మాయికి మ్యాథ్స్ 30, ఫిజిక్స్ 24, కెమిస్ట్రీ 20. మొదటి అమ్మాయే ముందుంటుంది, ఎందుకంటే టై పడితే ముందు చూసేది పాలిసెట్‌లోని మ్యాథ్స్ మార్కులు. అక్కడా సమానమైతే ఫిజిక్స్. రెండో అమ్మాయికి టెన్త్‌లో 570, మొదటి అమ్మాయికి 490 వచ్చి ఉన్నా ఈ వరస మారదు. టెన్త్ మార్కుల ప్రస్తావన వస్తే గిస్తే ఈ మెట్లన్నీ దాటాకే.

ఏం చేయాలి: ప్రిపరేషన్‌లో ఉన్నవాళ్లు మ్యాథ్స్‌కి ఎక్కువ టైం ఇవ్వాలి. మ్యాథ్స్‌లో వచ్చే ప్రతి మార్కుకీ రెండు లాభాలు: మొత్తం పెరుగుతుంది, టైలో ముందుకు తోస్తుంది.

సమస్య: తెలంగాణలో ఒకే పరీక్ష రాస్తే రెండు ర్యాంకులు వచ్చాయి

ఇది తప్పేమీ కాదు. తెలంగాణ పాలిసెట్‌లో మ్యాథ్స్ 60, ఫిజిక్స్ 30, కెమిస్ట్రీ 30తో పాటు బయాలజీ 30 కూడా ఉంటుంది. ఇంజనీరింగ్ డిప్లొమాలకు ఎంపీసీ ర్యాంకు, అగ్రికల్చర్ లాంటి డిప్లొమాలకు ఎంబైపీసీ (బయాలజీ కూడా కలిపిన) ర్యాంకు. రెండో లెక్కలో మ్యాథ్స్ మార్కుల్ని సగం చేస్తారు. మ్యాథ్స్ 40, ఫిజిక్స్ 20, కెమిస్ట్రీ 18, బయాలజీ 26 వచ్చిన పిల్లవాడికి ఎంపీసీలో 78, ఎంబైపీసీలో 84 అవుతాయి. ఏ కోర్సు కావాలో ఆ ర్యాంకే చూసుకోండి.

సమస్య: ర్యాంకు కార్డే రాలేదు

ఓసీ, బీసీ విద్యార్థి అయితే క్వాలిఫై అయ్యే మార్కు (తెలంగాణలో 120కి 36) రాలేదేమో చూడండి. ఎస్సీ, ఎస్టీలకు కనీస మార్కుల షరతు లేదు. ఆ పిల్లలకు కార్డు రాకపోతే అప్లికేషన్‌లో కులం కాలమ్ తప్పు పడిందేమో ముందు వెతకాలి. క్వాలిఫై కానివాళ్లకు మిగిలే దారి ఈ వ్యాసం చివర్లో ఉంది.

సమస్య: పాలిసెట్‌లో మంచి ర్యాంకు, టెన్త్‌లో ఒక సబ్జెక్టు పోయింది

ఇక్కడ టెన్త్ మార్కులు నిజంగానే అడ్డం పడతాయి. ర్యాంకు ఎంత బాగున్నా టెన్త్ పాస్ మెమో లేకపోతే సీటు రాదు. అందుకే దీన్ని తొందరగా, పద్ధతిగా చక్కబెట్టుకోవాలి.

ముందు సప్లిమెంటరీ ఫీజు కట్టేయండి. ఆ తర్వాతే రీకౌంటింగ్ గురించి ఆలోచించండి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు: రీకౌంటింగ్ ఫలితం వస్తుందిలే అని ఎదురు చూస్తూ సప్లిమెంటరీ గడువు దాటించేస్తారు. రీకౌంటింగ్‌లో పాస్ కాకపోతే ఏడాది పోతుంది. రెండూ ఒకేసారి నడవాలి. రీకౌంటింగ్‌లో పాసైతే కట్టిన సప్లిమెంటరీ ఫీజు పోతుంది, పోనీయండి.

రీకౌంటింగ్, రీవెరిఫికేషన్ ఒకటి కావు. రీకౌంటింగ్‌లో మార్కుల కూడిక మాత్రమే మళ్లీ చూస్తారు. రీవెరిఫికేషన్‌లో దిద్దని జవాబులేమైనా మిగిలిపోయాయా అని కూడా చూసి, జవాబు పత్రం కాపీ పంపిస్తారు. ఇటీవలి సంవత్సరాల్లో సబ్జెక్టుకు మొదటిదానికి 500, రెండోదానికి 1,000 రూపాయలు తీసుకుంటున్నారు. పాస్ మార్కుకు రెండు మూడు మార్కుల దూరంలో ఆగితే రీవెరిఫికేషన్‌కు వెళ్లడం సబబే. ఇప్పటికే పాసై, పాలిటెక్నిక్ కోసమే 540ని 545 చేసుకుందామని వెళ్లడం మాత్రం డబ్బు దండగ. ఆ ఐదు మార్కులతో పాలిసెట్ ర్యాంకు ఒక్క మెట్టు కూడా పైకి రాదు.

సప్లిమెంటరీ ఫలితాలొచ్చేసరికి కౌన్సెలింగ్ మొదటి విడత గడిచిపోవచ్చు. కంగారు పడొద్దు, తర్వాతి విడతకు వెళ్లొచ్చు. మొదటి మెమో, సప్లిమెంటరీ మెమో రెండూ సర్టిఫికెట్ వెరిఫికేషన్‌కి తీసుకెళ్లండి. సీట్లు మొదటి విడతలోనే చాలావరకు నిండిపోతాయి కాబట్టి ఇష్టమైన బ్రాంచి దొరక్కపోవచ్చు. ఇది ముందే పిల్లలతో చెప్పి ఉంచడం మంచిది.

సమస్య: నాకంటే వెనక ర్యాంకు వాళ్లకి సీటొచ్చింది, నాకు రాలేదు

కారణం టెన్త్ మార్కులని చాలామంది అనుకుంటారు. కాదు. సీటు కేటాయింపులో చూసేవి ర్యాంకు, కేటగిరీ, స్థానికత, ఆప్షన్లు. 85 శాతం సీట్లు స్థానిక విద్యార్థులకు పోతాయి. ప్రతి కేటగిరీలోనూ మూడో వంతు అమ్మాయిలకు. బీసీల 29 శాతంలో బీసీ-ఏకి 7, బీకి 10, సీకి 1, డీకి 7, ఈకి 4. కాబట్టి మీ ర్యాంకుని స్నేహితుడి ర్యాంకుతో కాదు, మీ కేటగిరీ చివరి ర్యాంకుతో పోల్చుకోవాలి.

అయితే ఎక్కువమందికి అసలు దెబ్బ తగిలేది వెబ్ ఆప్షన్ల దగ్గర, అంటే ఆన్‌లైన్‌లో కాలేజీలు, బ్రాంచిలు వరసగా ఎంచుకునే చోట. ఊరికి దగ్గరున్న రెండు కాలేజీలు, అందులోనూ కంప్యూటర్ బ్రాంచి ఒక్కటే పెట్టి ఊరుకుంటారు. అవి రాకపోతే సిస్టమ్ మీకు వేరే సీటు ఇవ్వదు, ఎందుకంటే మీరు వేరేది అడగలేదు. ముందు ఒక తెల్లకాగితం మీద కాలేజీ, బ్రాంచి వరసగా రాసుకోండి. ర్యాంకు చూసి కాదు, ఇష్టాన్ని బట్టి. రాదేమో అనిపించేదీ పైన పెట్టొచ్చు, దానివల్ల కింది ఆప్షన్లకు నష్టం లేదు. చేరడానికి ఏమాత్రం ఇష్టంలేని కాలేజీని మాత్రం లిస్టు నింపడానికని పెట్టకండి. అదే రావొచ్చు. రెండో విడతలో మళ్లీ ఆప్షన్లు పెట్టి వేరే సీటు వస్తే, మొదటి విడతలో వచ్చిన సీటు దానంతటదే రద్దవుతుంది. పాత సీటే బాగుందనుకుంటే ఆప్షన్లు ముట్టుకోవద్దు.

సమస్య: మార్కులు ఇంత బాగున్నాయి, వీటికి విలువే లేదా?

ఉంది, వేరే చోట. రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయాల్లో, అంటే జనం ట్రిపుల్ ఐటీలు అనే బాసర, నూజివీడు, ఆర్కే వ్యాలీ, ఒంగోలు, శ్రీకాకుళం క్యాంపస్‌లలో, ఆరేళ్ల కోర్సుకు మెరిట్ లిస్టు టెన్త్ మార్కుల మీదే వేస్తారు. పాలిసెట్‌లో దెబ్బతిని టెన్త్‌లో మెరిసిన పిల్లలకు ఇది నిజమైన అవకాశం. ప్రభుత్వ నాన్-రెసిడెన్షియల్ బడుల్లో చదివినవాళ్లకు అదనపు స్కోరు కూడా కలుపుతారు. ఆంధ్రప్రదేశ్‌లో అది 4 శాతం, మార్కుల బదులు జీపీఏలు (గ్రేడ్ పాయింట్ల సగటు) ఉన్న రోజుల్లో బాసరలో 0.4 పాయింట్లు. అక్కడ టై పడితే ముందు చూసేది టెన్త్ మ్యాథ్స్ మార్కులు, తర్వాత సైన్సు. కాబట్టి ట్రిపుల్ ఐటీకి అప్లై చేసేవాళ్లకు మ్యాథ్స్‌లో రెండు మార్కులు కలిసినా తేడా వస్తుంది, రీవెరిఫికేషన్‌కు పెట్టిన వెయ్యికి అర్థముంటుంది.

ఐటీఐ సీట్లు కూడా టెన్త్ మెరిట్ మీదే. తపాలా శాఖ గ్రామీణ డాక్ సేవక్ ఉద్యోగాల ఎంపికకూ టెన్త్ మార్కులే ఆధారం. అందుకే పాలిటెక్నిక్ ర్యాంకుకు పనికిరాలేదని మెమోని చిన్నచూపు చూడొద్దు.

సమస్య: మెమోలో పేరు, పుట్టిన తేదీ తేడా

వెరిఫికేషన్ రోజు బయటపడితే ఆ రోజు ఏమీ చేయలేం. మెమో రాగానే ఆధార్‌తో, కుల ధ్రువపత్రంతో అక్షరం అక్షరం పోల్చండి. తప్పుంటే ప్రధానోపాధ్యాయుడి ద్వారా బోర్డుకి దరఖాస్తు పెట్టాలి. నాలుగో తరగతి నుంచి పది వరకు స్టడీ సర్టిఫికెట్లు కూడా అప్పుడే తెప్పించుకోండి. రెండు మూడు బడులు మారిన పిల్లలకు వీటికే వారాలు పడుతుంది, స్థానికత తేలేదీ వీటితోనే.

సమస్య: పాలిసెట్ రాయలేదు, లేదా క్వాలిఫై కాలేదు

కౌన్సెలింగ్ విడతలన్నీ అయ్యాక మిగిలిన సీట్లకు స్పాట్ అడ్మిషన్లు జరుగుతాయి. పాలిసెట్ ర్యాంకు ఉన్నవాళ్ల వంతు అయ్యాక, టెన్త్ పాసైన మిగతావాళ్లకు కూడా అక్కడ అవకాశం ఇస్తుంటారు. చేరేముందు ఫీజు సంగతి కాలేజీలో గట్టిగా అడగండి. స్పాట్‌లో చేరినవాళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదు, మూడేళ్ల ఫీజూ ఇంటి నుంచే కట్టాలి. ఆ మొత్తాన్ని ఒక కాగితం మీద కూడి, దగ్గర్లోని ప్రభుత్వ ఐటీఐలో ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ లాంటి ట్రేడ్ ఫీజుతో పోల్చి చూశాకే సంతకం పెట్టండి.